తొట్టియా, పాకయా? అర్మేనియ భాషలో ‘అఖోర్’ అనే మాట కథ



క్రిస్మస్ దినములు దగ్గరపడుతుంటే మాకు వచ్చే ఉత్తరాలలో ఒక ప్రశ్న తప్పక ఉంటుంది. ఈసారి ఒక సహోదరుడు కొంచెం గట్టిగానే అడిగారు. “అయ్యగారూ, మా సంఘంలో ప్రతి సంవత్సరం యౌవనస్థులు తాటాకులతో పశువుల పాక కడతారు. పిల్లలు నాటకం వేస్తారు. ప్రసంగాలలో కూడా ప్రభువు పాకలో పుట్టాడని చెబుతారు. నేను లూకా సువార్త రెండవ అధ్యాయం ఎన్నిసార్లు చదివినా పాక అనే మాట కనబడలేదు. వ్రాయబడిన దానికి మనము కలుపుచున్నామా? ఇదే మాట మా పెద్దల కూటంలో అడిగితే నాపై కోపపడ్డారు.” ఇదీ ఆ ఉత్తరం సారాంశం.

ఆ సహోదరుడు చదివింది సరిగానే చదివారు. లూకా 2వ అధ్యాయంలో ‘పశువుల తొట్టి’ అనే మాట మూడుసార్లు ఉన్నది. 7వ వచనంలో ఒకసారి, 12వ వచనంలో దూత నోట ఒకసారి, గొల్లలు వచ్చి చూచినప్పుడు 16వ వచనంలో ఒకసారి. పాక ఒక్కసారి కూడా లేదు. మత్తయి సువార్తలో తొట్టి కూడా లేదు, ఇల్లు ఉన్నది. జ్ఞానులు ఇంటిలోనికి వచ్చారని అక్కడ చదువుతాము. మరి ఈ పాక ఎక్కడనుండి వచ్చింది? మనవాళ్లు ఊహించి కట్టినదేనా?

ఈ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పకుండా మిమ్మును కొంచెం దూరం తీసుకొనిపోతాను, ఓపిక పట్టండి. అర్మేనియా దేశంలో ఒక పాతమాట ఉన్నది. తొట్టి అనే అర్థంతో పుట్టిన మాట, నడుస్తూ నడుస్తూ పశువుల శాల అయిపోయింది. మన క్రిస్మస్ ప్రసంగాలలో జరిగినదే ఆ మాటకు ఎన్నో శతాబ్దాల క్రిందటే జరిగింది. ఆ మాటను చూస్తే మన తొట్టి సంగతి తేటపడుతుంది.

అర్మేనియా అంటే మనలో చాలామందికి నోవహు ఓడ నిలిచిన అరారాతు కొండలే గుర్తుకు వస్తాయి. నిజమే, ఆ కొండల ప్రాంతమే వారి పాత దేశము. తిరిదాతు అనే రాజు గ్రెగొరి అనే భక్తుని బోధవలన క్రీస్తును అంగీకరించి, తన రాజ్యమంతటికీ క్రైస్తవ మతమును రాజ్యమతముగా చేశాడు. సంఘ సంప్రదాయం ప్రకారం అది క్రీ.శ. 301. కొందరు చరిత్రకారులు 314 ప్రాంతమని చెబుతారు. ఏది తీసుకొన్నా, క్రైస్తవ మతమును రాజ్యమతముగా చేసికొన్న మొదటి రాజ్యము వారిదే. మనకు వారు బొత్తిగా పరాయివారు కారు. అర్మేనియ వర్తకులు మచిలీపట్నం రేవులో వ్యాపారం చేశారు. హైదరాబాదు ఉప్పుగూడలో పదిహేడవ శతాబ్దం నాటి అర్మేనియుల సమాధులు ఉన్నాయి. మద్రాసులో అర్మేనియన్ వీధిలో 1772లో కట్టిన వారి దేవాలయం నేటికీ నిలిచియున్నది. ప్రపంచంలో అర్మేనియ భాషలో మొట్టమొదటి పత్రిక ‘అజ్దరార్’ అచ్చయింది కూడా ఆ మద్రాసులోనే, 1794లో, ఒక అర్మేనియ గురువు చేతులమీదుగా.

ఇక మాటల సంగతికి వద్దాం. పశువులతో బ్రతికే ప్రజలకు పశువుల ఇళ్లకు చాలా పేర్లుంటాయి. మనకు గొడ్లకొట్టం వేరు, గొర్రెలదొడ్డి వేరు, కోళ్లగూడు వేరు, గుర్రపుశాల వేరు. వారికీ అంతే. ఆవులు, ఎద్దులు ఉండే కొట్టం ‘గోమ్’. గొర్రెల దొడ్డి ‘ఫరాఖ్’. అడవి మృగము దాగే గుహ లేక బొరియ ‘వొర్జ్’. పక్షి గూడు ‘బూయ్న్’. తేనెటీగల పెట్టె ‘ఫెథక్’. కోళ్లగూటికి ‘హవనోత్స్’, పందులు ఉండే చోటికి ‘ఖోజనోత్స్’ అంటారు. ఈ రెండు మాటల చివర ఉన్న ‘నోత్స్’ అంటే ఉండే చోటు. చిత్రమేమంటే ఆసుపత్రికి కూడా వారు ‘హివందనోత్స్’ అంటారు, రోగులుండే చోటని. కోడి అయినా రోగి అయినా చోటు చోటే కదా!

వీటిలో గోమ్ అనేది పల్లెటూరి మాట. అది అర్మేనియుల నోట మాత్రమే ఆగలేదు. ఇరుగుపొరుగున ఉన్న కుర్దులు గొర్రెల మంద నిలిపే చోటిని ‘గోమ్’ అంటారు, జార్జియా వారు ఆవుల కొట్టాన్ని ‘గోమూరి’ అంటారు. కాపరులు ఏ భాష మాట్లాడినా చలికాలంలో ఒకరి కొట్టంలో ఒకరు తలదాచుకొంటారు. మాటలు కూడా ఆలాగే తలదాచుకొంటాయి.

‘అఖోర్’ మాత్రం పల్లెది కాదు, రాజుల కోటలనుండి వచ్చింది. దాని అర్థం గుర్రాలను కట్టే శాల. అర్మేనియ దేశం ఎన్నో వందల సంవత్సరాలు ఇరాను రాజుల నీడలో ఉన్నది. పార్థియా రాజవంశపు కొమ్మ ఒకటి అర్మేనియ సింహాసనం మీదనే కూర్చుంది. పైన చెప్పిన తిరిదాతు కూడా ఆ వంశస్థుడే. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో పెంతెకొస్తు దినమున యెరూషలేములో ఉన్నవారి పట్టికలో పార్తీయులు మొట్టమొదట ఉంటారు చూడండి, ఆ పార్తీయులే. గుర్రం, వేట, సైన్యం, కొలువు, వీటికి సంబంధించిన మాటలు వారి భాషనుండి అర్మేనియ భాషలోనికి వరదలాగా వచ్చాయి. మన తెలుగులోకి కచేరి, దివాణము, ఫిర్యాదు, జమీందారు వచ్చినట్టే.

అలా వచ్చిన మాటలు ఎంత ఎక్కువంటే, అర్మేనియ భాష కూడా ఇరాను భాషలలో ఒకటేనని పండితులు చాలాకాలం అనుకొన్నారు. 1875లో హ్యూబ్ష్‌మన్ అనే జర్మను పండితుడు ఆ మాటలను జల్లెడపట్టి, ఎరువు తెచ్చుకొన్నవి ఒకవైపు, సొంతవి ఒకవైపు పెట్టి, ఇది వేరే భాష అని రుజువుచేశాడు. ఆయన శిష్యుడే హ్రాచ్యా అజర్యాన్. 1876లో ఇస్తాంబుల్‌లో పుట్టి 1953లో ఎరెవాన్‌లో చనిపోయిన ఈ మనిషి అర్మేనియ మాటల పుట్టుపూర్వోత్తరాల నిఘంటువు వ్రాశాడు. 1926నుండి 1935వరకు ఏడు సంపుటాలుగా వెలువడింది. అచ్చు అక్షరాలు పేర్చి కాదు, చేతివ్రాతనే రాతి అచ్చుమీద తీశారు. అంతకుముందే, 1913లో, పల్లెల మాండలికాల మాటలను కూర్చి మరొక నిఘంటువు వేశాడు. తరువాత రెండు సంవత్సరాలకు, 1915లో, టర్కీ తూర్పుభాగంలోని అర్మేనియుల పల్లెలు సంహారానికి గురై ఖాళీ అయిపోయాయి. ఆ కొట్టాలు లేవు, ఆ మందలు లేవు, వాటిని పేరుపెట్టి పిలిచిన నోళ్లు లేవు. కొన్ని పల్లెల మాటలు ఆయన పుస్తకంలో మిగిలాయి. 1937లో ప్రభుత్వం ఆయనను చెరలో వేసింది, 1939లో విడిచిపెట్టింది. బయటికి వచ్చి మళ్లీ మాటలే పట్టుకొన్నాడు. మాటల చరిత్ర తీరిక ఉన్నవారి కాలక్షేపమని ఎవరైనా అంటే నాకు ఈయన జ్ఞాపకం వస్తాడు.

అఖోర్‌కు ఇరాను భాషలో మూలరూపం చూస్తే దాని కడుపులో తినుట అనే అర్థం ఉన్నది. పాత పారసీకంలో ఈ మాటకు మొదటి అర్థం మేత తొట్టి, అంటే పశువు తినే చోటు. నేటి పారసీకంలో కూడా ‘ఆఖోర్’ అంటే తొట్టి అని, శాల అని రెండర్థాలు నడుస్తున్నాయి. ‘ఖుర్దన్’ అంటే తినుట. మన తెలంగాణలో కోపం వస్తే ‘హరాంఖోర్’ అంటారు గదా, అక్రమంగా వచ్చినది తినేవాడని తిట్టు. ఆ ‘ఖోర్’, ఈ అఖోర్‌లోని ‘ఖోర్’, ఒకే తల్లి పిల్లలు. వేదికమీద చెప్పదగిన ఉదాహరణ కాదు గాని, ఇంతకంటే తొందరగా అర్థమయ్యేది నాకు దొరకలేదు!

అంటే తినే తొట్టి పేరు, తొట్టి ఉన్న చోటంతటికీ పేరయింది. గుర్రాల యజమానికి శాలలో ముఖ్యమైనది గోడ కాదు, కప్పు కాదు, తొట్టి. అందుచేత తొట్టి పేరే శాలకు నిలిచింది. టర్కీ భాషలోనికి అది ‘ఆహిర్’గా పోయింది. ఇస్తాంబుల్‌లో సుల్తానుల గుర్రపుశాలల దగ్గర ఉన్న కోటగుమ్మాన్ని నేటికీ ‘ఆహిర్కపి’ అంటారు, శాల గుమ్మమని. మన దేశంలోనికీ వచ్చింది. ఢిల్లీ మొదటి సుల్తాను కుత్బుద్దీన్ ఐబక్, రాజు కాకముందు ఘోరీ మహమ్మదు కొలువులో ‘అమీరె ఆఖుర్’గా ఉండేవాడు, అంటే గుర్రపుశాలల అధికారి. తొట్టి దగ్గర మొదలుపెట్టి సింహాసనం ఎక్కినవాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పి ముందుకు పోతాను, ముఖ్యంగా వాక్యపరిచర్య చేసే తమ్ముళ్లకు. వినికిడికి దగ్గరగా ఉన్న మాటలన్నీ బంధువులు కావు. అఖోర్ అనగానే యెహోషువ గ్రంథంలోని ఆకోరు లోయ గుర్తుకు వస్తుంది. ఆకాను కథ, హోషేయ ప్రవచనం, వాటిని కలుపుకొని ఒక ప్రసంగం తయారుచేయాలని చేయి దురద పెడుతుంది. వద్దు. ఆకోరు హెబ్రీ మాట, దాని అర్థం శ్రమ. దీనికి దానికి ఏ సంబంధం లేదు. అలాగే గ్రెగొరి భక్తుణ్ణి రాజు పడవేసిన గోతిని అర్మేనియులు ‘ఖోర్ విరాప్’ అంటారు. అక్కడ ‘ఖోర్’ అంటే లోతైన అని అర్థం. ఆ చోటిలో ఈనాడు ఒక మఠం ఉన్నది, ఎదురుగా అరారాతు శిఖరం కనబడుతుంది. ఆ ఖోర్ వేరు, ఈ అఖోర్ వేరు. అర్మేనియ లిపిలో మన ర, ఱ లాగా రెండు రకాల రేఫలున్నాయి. గోతి మాటకు మెత్తని ర, శాల మాటకు గట్టి ఱ. మన పెద్దబాలశిక్షలో ఱ నేర్పినది ఎందుకా అనుకొనేవారు ఇక్కడ దాని విలువ చూడవచ్చు.

ఈ అఖోర్ అనే మాట ఉన్న ఒక పాత సంఘటన ఉన్నది. దానిని అయిదవ శతాబ్దంలో వ్రాయబడిన అర్మేనియ చరిత్ర గ్రంథం ఒకటి చెబుతుంది. గ్రంథకర్త పేరు పావ్‌స్తోస్ అని సంప్రదాయం. నాలుగవ శతాబ్దం నడుమ అర్షక్ అనే క్రైస్తవ రాజు అర్మేనియాను ఏలుతున్నాడు. ఆయన పారసీక చక్రవర్తి షాపూరు దగ్గరకు పోయినప్పుడు, ఒకరోజు చక్రవర్తి గుర్రపుశాలలలో ఒకదానిలోనికి వెళ్లాడు. శాల అధికారి లోపల కూర్చుని ఉన్నాడు. ఆ అధికారి పదవి పేరు ‘అఖోరపెత్’. ‘పెత్’ అంటే అధిపతి. మన సేనాపతిలోని ‘పతి’కి అది చుట్టమే. ఆ అఖోరపెత్ రాజును చూచి లేవలేదు, గౌరవించలేదు. మేకల అర్మేనియులకు రాజువి గదా, వచ్చి ఈ గడ్డిమోపుమీద కూర్చో అని ఎగతాళి చేశాడు. రాజు వెనుక ఉన్న సేనాపతి వాసక్ మమికోన్యన్ ఆ మాట విన్నాడు. కత్తి దూసి, ఆ శాలలోనే అధికారి తల నరికాడు. తన రాజుకు జరిగిన అవమానం వినడంకంటే చావడం మేలు అన్నది ఆయన మనస్సు. షాపూరు అప్పటికి వాసక్‌ను మెచ్చుకొని బహుమానాలిచ్చాడని గ్రంథం చెబుతుంది.

కథ అంతటితో అయిపోలేదు. కొన్ని సంవత్సరాలకు అదే షాపూరు అర్షక్ రాజును పట్టుకొని, ‘మరుపు కోట’ అనబడే చెరసాలలో వేశాడు. అక్కడ వేయబడినవాని పేరు ఎవరూ ఎత్తకూడదని ఆజ్ఞ. వాసక్‌ను చంపించి, చర్మం ఒలిపించి, అందులో గడ్డి కూరించి ఆ కోటకే పంపాడు. గడ్డిమోపుమీద కూర్చోమన్న మాటకు తల నరికినవాని ముగింపు గడ్డితోనే అయింది. ఇది చరిత్రకారుని అల్లికో, జరిగినది జరిగినట్టు వ్రాశాడో, ఎవరి తీర్పు వారు చేసికోవచ్చు. మనకు కావలసినది ఒక్కటే. అయిదవ శతాబ్దపు అర్మేనియ క్రైస్తవునికి రాజు, గుర్రపుశాల, గడ్డి, ఈ మూడు ఒకచోట చేరితే అది భరించరాని అవమానం. దానికి జవాబు కత్తి.

అదే అయిదవ శతాబ్దంలో, ఆ ప్రజల చేతికి సువార్త సొంతభాషలో వచ్చింది. 387లో వారి దేశాన్ని రోమీయులు, పారసీకులు రెండుగా పంచుకొన్నారు. వారికి సొంత లిపి లేదు. ఆలయంలో సురియాని భాషలోనో గ్రీకులోనో వాక్యం చదివితే, సామాన్య జనానికి అర్థమయ్యేది కాదు. మెస్రోప్ మష్తోత్స్ అనే సన్యాసి, సాహక్ అనే సంఘాధిపతి కలిసి భారం పట్టుకొన్నారు. 405 ప్రాంతంలో మెస్రోప్ 36 అక్షరాలు కూర్చాడు. మొట్టమొదట తర్జుమా చేసిన వాక్యం సామెతల గ్రంథం మొదటి అధ్యాయం రెండవ వచనమని ఆయన శిష్యుడు కొర్యూన్ వ్రాశాడు. మొదట సురియాని ప్రతులు పెట్టుకొని తర్జుమా చేశారు. 431లో ఎఫెసు మహాసభ తరువాత కాన్‌స్టాంటినోపుల్‌నుండి మంచి గ్రీకు ప్రతులు రాగా వాటితో సరిచూచి దిద్దారు. మన విలియం కేరీగారి కాలంనుండి తెలుగు బైబిలు ఎన్నిసార్లు దిద్దబడిందో ఎరిగిన మనకు ఆ కష్టం తెలియనిది కాదు.

వారు లూకా 2:7 దగ్గరకు వచ్చారు. గ్రీకులో మాట ‘ఫాత్నే’. ఈ ఫాత్నే కూడా రెండు వైపులా పదునున్న మాటే. తొట్టి అని చెప్పవచ్చు, పశువును కట్టే చోటు అని చెప్పవచ్చు. సురియానిలోని ‘ఊర్యా’ అంతే, శాలకూ తొట్టికీ చెల్లుతుంది. అర్మేనియులు ఏమి చేశారు? వారికి అఖోర్ అనే మాట తెలుసు. కొలువులో ఒక పదవి పేరే అది. కాని వారు ఆ మాట వాడలేదు. ‘మ్సూర్’ అన్నారు. మ్సూర్ అంటే పశువు మూతిపెట్టి మేసే తొట్టి, ఇంకొకటి కాదు. యెషయా 1:3లో ఎద్దు తన యజమానుని ఎరుగును, గాడిద తన యజమానుని దానిని ఎరుగును అని ఉన్నచోట కూడా అదే మ్సూర్ పెట్టారు. అందుచేత అర్మేనియ బైబిలులో యెషయా చదివినవాడు లూకాకు రాగానే ఆ మాటను గుర్తుపడతాడు. ఎద్దుకు, గాడిదకు తెలిసిన తొట్టి ఇశ్రాయేలుకు తెలియలేదు అని ప్రవక్త ఏడ్చిన చోటు, బేత్లెహేములో మళ్లీ ఎదురవుతుంది.

మన తెలుగు బైబిలులో ఈ సంబంధం కనబడదు. దీనికి అనువాదకులను తప్పుపట్టను, కారణం చెబుతాను. యెషయా 1:3లో హెబ్రీ మాట ‘ఏబూస్’. మేపుట, క్రొవ్వజేయుట అనే ధాతువునుండి వచ్చింది. అంటే ఇది కూడా తినే చోటే, అఖోర్ లాగానే. పాత నిబంధనలో ఈ మాట మూడేచోట్ల ఉన్నది. మనవారు యెషయాలో దానిని ‘దొడ్డి’ అన్నారు. యోబు 39:9లో ‘శాల’ అన్నారు. సామెతలు 14:4లో ‘గాదె’ అన్నారు. ఒకే తొట్టి మన బైబిలులో ఒకచోట దొడ్డి, ఒకచోట శాల, ఒకచోట ధాన్యపు గాదె అయింది! లూకా 2లో తొట్టి అయిన ఫాత్నే, అదే లూకా 13:15లో, విశ్రాంతిదినమున పశువును విప్పి నీళ్లకు తోలుకొనిపోయే వచనంలో, ‘గాడి’ అయింది. గాడి మంచి తెలుగు మాట. అసలు అర్థం పశువుల మేత తొట్టి. రాయలసీమ పల్లెల్లో పశువులను కట్టే చోటిని గాటిపాట అంటారు. అక్కడా అదే ప్రయాణం, మేత వేసే గాడినుండి పశువులుండే చోటికి.

చూశారా శ్రోతలారా? పారసీకంలో, గ్రీకులో, తెలుగులో మాట ఒకే బాటలో నడిచింది. పశువులను పెంచేవాడు తొట్టి అంటే దాని చుట్టూ ఉన్నదంతా మనస్సులోనికి వస్తుంది. కాబట్టి పాక కట్టే యౌవనస్థులు లేఖనాన్ని వంచుచున్నారని నేను అనను. వారు మాటను దాని సహజమైన బాటలో నడిపించారు, అంతే. పెద్దల కూటంలో కోపపడినవారు, ఉత్తరం వ్రాసిన సహోదరుడు ఇద్దరూ ఇక్కడవరకు చేతులు కలుపవచ్చు.

కాని ఆ పాక ఊరి బయట, ఒంటరిగా, ఎవరికీ పట్టనట్టు ఉండేదా అన్నది వేరే ప్రశ్న. దీనికి కూడా అర్మేనియా సాక్ష్యం పనికివస్తుంది. క్రీస్తుకు 400 సంవత్సరాల ముందు గ్రీకు సైనికుడు క్సెనొఫోన్ పారసీక దేశంనుండి పారిపోతూ, మంచులో అర్మేనియా కొండలు దాటాడు. అక్కడి పల్లెల ఇళ్లు భూమిలోపల ఉన్నాయని వ్రాశాడు. పైన ప్రవేశం బావి నోరులాగా ఇరుకు, లోపల విశాలం. మనుష్యులు నిచ్చెనతో దిగుతారు, పశువులకు వాలుగా తవ్విన దారి. లోపల మేకలు, గొర్రెలు, ఆవులు, కోళ్లు, వాటి పిల్లలు, అన్నీ మనుష్యులతోకూడ. మేత లోపలే వేస్తారు. ఆ కొండలలో చలికి పశువు ఒంటి వెచ్చదనమే సగం కట్టెలు. మిగతా సగం పిడకలు. వాటిని ‘అథార్’ అంటారు.

యూదయలో అంత మంచు లేదు. అయినా పేదవాని ఇంటిలో పశువు పరాయిది కాదు. మొదటి సమూయేలు 28:24లో సౌలుకు భోజనం పెట్టిన ఏన్దోరు స్త్రీ ఇంటిలోనే క్రొవ్విన దూడ ఉన్నదని చదువుతాము. సీమలో పాత మిద్దె ఇళ్లలో కూడా వాకిలి దాటగానే పల్లపు భాగంలో ఎద్దులు, మెట్టు ఎక్కితే మనుష్యులు. ‘సత్రము’ అని మనం చదివే మాట గ్రీకులో ‘కతలూమా’. లూకా 22:11లో అదే మాటను మనవారు ‘విడిది గది’ అన్నారు. మంచి సమరయుడు గాయపడినవానిని తీసుకొనిపోయిన పూటకూళ్ల ఇంటికి లూకా వేరే మాట వాడాడు. అందుచేత బంధువుల ఇంటిలో అతిథుల గది నిండిపోయి, పశువులు ఉండే క్రింది భాగంలో శిశువును పరుండబెట్టారని అనేకమంది పండితుల అభిప్రాయం. నాకు కూడా అదే సబబుగా తోస్తుంది. మరొక పాత సాక్ష్యం కూడా ఉంది. రెండవ శతాబ్దం నడుమ యుస్తిను అనే హతసాక్షి, ప్రభువు గుహలో పుట్టాడని వ్రాశాడు. బేత్లెహేము ప్రాంతంలో ఇళ్లు గుహలను ఆనుకొని ఉండేవి గనుక ఈ రెండు సాక్ష్యాలు ఒకదానికొకటి ఎదురు కానక్కరలేదు.

గోడలు ఎలా ఉన్నా, లూకా పట్టు విడువనిది తొట్టి ఒక్కటే. ఎందుకని? దూత గొల్లలకు ఇచ్చిన ఆనవాలు అదే గనుక. ఆ రాత్రి బేత్లెహేములో పొత్తిగుడ్డలలో చుట్టబడిన పసిపిల్లలు ఇంకా ఉండి ఉండవచ్చు. తొట్టిలో ఉన్న శిశువు ఒక్కడే ఉంటాడు. పాక అని చెప్పితే గొల్లలకు ఆనవాలు దొరకదు, పాకలు చాలా ఉంటాయి. అర్మేనియ అనువాదకులు అఖోర్ అనకుండా మ్సూర్ అన్నది ఇందుకు చక్కగా సరిపోయింది. వారి మనస్సులో ఏమున్నదో వారు వ్రాసిపెట్టలేదు. కాని వారి ప్రజలు వినేటప్పుడు ఎలా విని ఉంటారో కొంత ఊహించవచ్చు. గడ్డిమోపుమీద కూర్చోమంటే సేనాపతి కత్తి దూసిన దేశమది. అక్కడ ఆలయంలో సొంతభాషలో చదివారు, రాజులకు రాజును గడ్డి వేసే తొట్టిలో పరుండబెట్టారని. ఆకాశంలో పరలోక సైన్యసమూహమే నిలిచియున్నది. ఒక్క కత్తి కూడా దూయలేదు. పాటలు పాడింది.

తొట్టి అంటే తినే చోటు, బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు, ప్రభువు జీవాహారము అని కొందరు ప్రసంగీకులు కలిపి చెబుతారు. వినడానికి మధురంగా ఉంటుంది. లూకా దానిని చెప్పలేదు గనుక నేను దానిని ఉపదేశంగా నిలబెట్టను. ధ్యానించేవారిని ఆపను కూడా. ఎద్దు, గాడిద కూడా లూకాలో లేవు. యెషయా 1:3నుండి అవి క్రిస్మస్ చిత్రాలలోనికి నడిచివచ్చాయి. నాలుగవ శతాబ్దపు రాతి చెక్కడాలలోనే వాటిని చూడవచ్చు. వాటికి ఆ తొట్టి తెలుసునని ప్రవక్త అన్నాడు గనుక వచ్చి నిలబడ్డాయి.

అర్మేనియులు నేటికీ క్రిస్మస్ పండుగను డిసెంబరు 25న కాదు, జనవరి 6న ఆచరిస్తారు. బేత్లెహేములో కాన్‌స్టంటైను చక్రవర్తి నాలుగవ శతాబ్దంలో కట్టించిన చోట నిలిచియున్న జనన దేవాలయంలో గ్రీకువారితో, కతోలికులతో పాటు వారికీ వాటా ఉన్నది. మెస్రోప్, సాహక్ తమ భాషలో మ్సూర్ అనే మాట వ్రాస్తున్న ఆ రోజులలోనే, ఆ దేవాలయం ప్రక్కన జెరోము అనే పండితుడు కాపురముండి బైబిలును లతీను భాషలోనికి తర్జుమా చేస్తూ ఉన్నాడు. 386లో అక్కడికి చేరి, 420లో అక్కడే చనిపోయాడు. ఆయన ఒక క్రిస్మస్ ప్రసంగంలో ఒక బాధ వెళ్లబోసికొన్నాడు. ప్రభువు పండుకొన్న మట్టితొట్టిని భక్తులు గౌరవం కొరకని తీసివేసి, దాని స్థానంలో వెండితొట్టి పెట్టారట. పెట్టినవారిని తాను తప్పుపట్టనని, అయినా తీసివేసిన ఆ మట్టితొట్టే తనకు ఎక్కువ విలువైనదని ఆయన చెప్పాడు.